అగ్గిపెట్టెలు ముందుకొచ్చిన రోజు

ఆ పొద్దున షోయబ్ అనుకున్నది ఒక్కటే: తన కొత్త ఏర్పాటును వచ్చినవాళ్లందరికీ చూపించాలి. హైదరాబాదులో పెద్ద గోదాములో పనిచేసి వచ్చాడు, అక్కడ నేర్చిన స్లాటింగ్ విద్య అతణ్ని ఊరికే కూర్చోనివ్వడంలేదు. బాగా అమ్ముడుపోయే సరుకు చేతికందే చోట ఉండాలి, మిగతాది వెనక్కి పోవాలి. గోదావరిఖనిలో బొగ్గుబాయి దారిలో ఉన్న తమ కిరాణా కొట్టును ముందురోజు సాయంత్రమే అలా సర్దేశాడు. గుమ్మం పక్క అరలోంచి బిస్కెట్లు వెనక్కి పోయాయి, వాటి జాగాలోకి అగ్గిపెట్టెల కట్టలు వచ్చాయి.

తీరా ఆ పొద్దున లేచేసరికి ఆలస్యమైంది. దుకాణంలో అప్పటికే కూర్చున్న తండ్రి ఇస్మాయిల్‌ను ఎవరైనా వచ్చారా అని అడిగాడు. సదయ్య ఒక్కడే వచ్చాడని, ఎప్పటిలాగే గుమ్మం పక్క అరలో చెయ్యిపెట్టి పొట్లం తీసి సంచిలో వేసుకుని మొదటి షిఫ్టుకు పోయాడని ఆయన చెప్పాడు.

షోయబ్‌కు ఆ అరలో పెట్టిన అగ్గిపెట్టెల కట్టలు గుర్తొచ్చాయి. షిఫ్టుకు ఉరికేవాళ్లు సరుకును చూడరు, చేతికి అలవాటైన చోటునుంచి తీసుకుపోతారు. బాయిలోకి అగ్గిపుల్ల పోకూడదు. గేటు తనిఖీలో దొరికితే సదయ్య ఉద్యోగానికే ఎసరు. పాపం, ఆ మనిషి చేసిన తప్పేముంది? షోయబ్ అర వైపు కూడా చూడకుండా పరుగెత్తాడు.

టీకొట్టు దగ్గర టీ తాగుతున్న జైపాల్ ఏమైందని అడిగాడు.

"సదయ్య కాకను బాయిల దిగనియ్యొద్దన్నా" అని మాత్రం అనగలిగాడు షోయబ్.

బాయిలో ఏదో ప్రమాదం జరిగిందనుకుని అక్కడున్నవాళ్లంతా టీ వదిలేసి వెంటపడ్డారు. వాకిలి ఊడుస్తున్న సదయ్య భార్య పూలమ్మ, మొగుడి పేరు చెవిన పడగానే చీపురుతోనే ఏడుస్తూ బయల్దేరింది.

గేటు దగ్గర సదయ్య తనిఖీ వరుసలో ఉన్నాడు. షోయబ్ మధ్యలో దూరి ఆయన సంచి లాగాడు. ఆ గుంజులాటలో సంచి బోర్లాపడింది. టిఫిన్ డబ్బా దొర్లింది, దాని వెనకే ఒక బిస్కెట్ పొట్లం.

ఆయాసపడుతూ ఇస్మాయిల్ వచ్చాడు. "నీ సర్దుడు నాకు సమజ్ కాలే బేటా. పొద్దుగాల్నే అన్ని పాత జాగల పెట్టిన."

షోయబ్ ప్రాణం కుదుటపడింది. ఎంతోసేపు కాదు. వరుసలో నిలబడ్డాడు కాబట్టి కాపలావాడు అతని జేబులు కూడా తడిమాడు. ఇంట్లో స్టవ్ వెలిగించి చొక్కా జేబులో వేసుకున్న అగ్గిపెట్టె బయటికొచ్చింది.

ఈ పిల్లగాడు నీకు తెలుసా అని కాపలావాడు సదయ్యను అడిగాడు. సదయ్య సంచిని ఛాతీకి హత్తుకుని అగ్గిపెట్టె వైపు భయంగా చూశాడు.

"చెయ్యి పెట్టి తీస్కపోవుడే గని సారూ, దుకాణంల ఎవలున్నరో ఎన్నడు చూళ్లే."

ఆయన అబద్ధమాడాడని షోయబ్ కూడా అనలేకపోయాడు.