థాంక్స్ చెప్పకూడదన్న రూలు

గణితం లెక్చరర్ వెంకటప్పయ్యకు అసూయ పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. ఎనభై మూడో సంవత్సరం ఆగస్టులో, ఇల్లందులో, సొంత ఇంట్లో, సొంత భార్య పెట్టిన టీ తాగుతూ తగిలించుకున్నాడు.

అప్పటికి పదకొండేళ్లుగా ఆయన ఒక పేపరు రాస్తున్నాడు. పరీక్ష పేపరు కాదు, పరిశోధన పేపరు. అనంత శ్రేణుల మీద. శ్రేణుల మాటేమో గానీ పేపరు మాత్రం అనంతంగానే సాగింది. తల్లాడ బంధువులు పెళ్లిళ్లలోనే కాదు, దినాల్లో కూడా "ఏమైంది వెంకటప్పయ్యా నీ కాగితం?" అని అడిగేవారు. ఎట్టకేలకు ఆ ఏడు తొమ్మిది పేజీల దగ్గర తేలింది. ఇక కలకత్తాలోని ఒక జర్నలుకు పంపడమే తరువాయి.

పంపడమంటే కవర్లో పెట్టి పోస్టు డబ్బాలో వేయడం కాదు. మార్జిను ఇంత, వరుసల మధ్య ఖాళీ ఇంత, కాపీలు మూడు, చివర పుస్తకాల పట్టిక ఫలానా వరుసలో అంటూ జర్నలు వాళ్లు పద్నాలుగు రూళ్లు అచ్చేసి పంపారు. వెంకటప్పయ్య ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇల్లందు మొత్తానికి అదొక్కటే కాపీ మరి.

టైపు పని సుశీలమ్మది. పెళ్లికి ముందే ఖమ్మంలో టైపు హయ్యర్ పాసైన మనిషి. మిషను మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, గణితం గుర్తులుండవు. అందుకని సూత్రం వచ్చిన చోటల్లా ఖాళీ వదిలి కొట్టి, తర్వాత సన్నపాళీతో, నల్ల సిరాతో, మూడు కాపీల్లోనూ చేత్తో దిద్దేది. ఆమె దిద్దిన సిగ్మాను చూస్తే అచ్చు యంత్రమే సిగ్గుపడాలి. ఆ మాట వెంకటప్పయ్య ఏనాడూ పైకి అనలేదు. అంటే పప్పులో ఉప్పు తగ్గుతుందని భయం కాబోలు.

"ఏమండీ, నాలుగో పేజీల ఈ సూత్రం ముంగట మైనస్ ఉన్నది. ఏడో పేజీకొచ్చేసరికి గదే సూత్రానికి ప్లస్ పెట్టిండ్రు. ఏది దిద్దాలె?"

"రాసింది రాసినట్టు దించు. అది లోతైన విషయం, నీకు తెల్వదు."

"లోతు సంగతి నాకేమెరుక? ఒకదానికి ఒక గీత, ఇంకోదానికి రెండు గీతలు. గందుకే అడిగిన."

"దించమన్ననా?"

దించింది.

ఇక్కడ ధన్‌సింగ్ సంగతి చెప్పాలి. అదే కాలేజీలో జూనియరు. పక్క తండా మనిషి. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, పేపరు రాయడానికి పట్టింది పదకొండు నెలలు. ఆ అంకె ఎవరన్నా ఎత్తితే వెంకటప్పయ్య మాట మార్చేసేవాడు. పైగా ధన్‌సింగ్ తన పేపరు కూడా సుశీలమ్మకే ఇచ్చాడు. ఆమెను అక్కా అంటాడు. కాబట్టి అనుమానానికి తావు లేదు. ఆ ఖాళీ జాగా కూడా అసూయే ఆక్రమించింది.

"తమ్మీ, రెండో పేజీల ఈ గుర్తు కింద చిన్న అంకె ఉన్నది. మూడో పేజీల లేదు. మర్చిపోయినవా?" అంది సుశీలమ్మ ఒక ఆదివారం పొద్దున.

ధన్‌సింగ్ కాగితం చూశాడు. లేచి నిలబడ్డాడు. టీ ఒలికింది.

"అక్కా, ఇజ్జత్ కాపాడినవ్! గదొక్కటి పోతే లెక్క మొత్తం పోతుండె."

అంతటితో ఊరుకోలేదు. ఆ గుర్తు ఏమి చేస్తుందో, కింద అంకె ఎందుకో చింతగింజలు పరిచి మరీ చెప్పాడు. సుశీలమ్మ ముఖం విప్పారింది.

"గింతేనా! ఇన్నేండ్ల సంది గీస్తనే ఉన్న, ఒక్కలన్న చెప్పలే."

ఒక్కలంటే ఎవరో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. వెంకటప్పయ్య ముఖానికి దినపత్రిక అడ్డం పెట్టుకున్నాడు.

ధన్‌సింగ్ వెళ్తూ వెళ్తూ చివరి పేజీలో ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాడు. మూడో పేజీలో పొరపాటు పట్టిచ్చిన శ్రీమతి సుశీలకు రచయిత కృతజ్ఞతలు అని. సుశీలమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుంది. పెళ్లి శుభలేఖ తర్వాత ఆమె పేరు అచ్చులోకి ఎక్కబోవడం అదే మొదటిసారి.

ఆ పూట వెంకటప్పయ్యకు అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే ఆయనకు జర్నలు మీద మోజు కన్నా, ఆ పేపరు చూసి భార్య "మా ఆయన గొప్పోడు" అనుకోవాలన్న ఆశే ఎక్కువ. ఆ చూపు కాస్తా ఇప్పుడు ఇంకొకడి పేపరు మీద వాలింది. మర్నాడు స్టాఫ్ రూములో ధన్‌సింగ్‌ను పక్కకు పిలిచాడు.

"ధన్‌సింగూ, నీ మంచికే చెప్తున్న. జర్నలు రూళ్లల్ల తొమ్మిదోది ఉన్నది. పేపర్ల ఎవ్వరికీ థాంక్స్ చెప్పొద్దు. చెప్తే చూడకుంటనే వాపస్ పంపుతరు."

"అవ్‌నా సార్? అచ్చేసిన రూలా?"

"అచ్చేసిన రూలు!"

ధన్‌సింగ్ దిగాలుగా వెళ్లాడు. వెంకటప్పయ్య ఆ రోజు రెండు క్లాసులు ఈల వేసుకుంటూ చెప్పాడు.

సాయంత్రం ధన్‌సింగ్ ఇంటికి వచ్చాడు, వెలుగుతున్న ముఖంతో.

"అక్కా, థాంక్స్ చెప్పొద్దంట. అయితే ఏంది? నీ కష్టం ఊకెనే పోనిస్తనా? పైన నా పేరు పక్కన నీ పేరు పెడ్త. ధన్‌సింగ్, సుశీల. ఇద్దరం రచయితలం!"

వెంకటప్పయ్యకు తాగుతున్న టీ పొలమారింది. భార్యే వీపు తట్టింది.

"గట్లెట్ల కుదుర్తది? రచయితకు ఎమ్మెస్సీ ఉండాలె!" అన్నాడు దగ్గు మధ్య.

"గది ఎన్నో రూలు సార్?"

"పది. కాదు, పదకొండు."

"ఒక్కసారి కాగితం చూపియ్యరాదుండ్రి?"

"బీరువల పెట్టిన గదా, చెదలు తిన్నయి."

"ఇనుప బీరువనా?" అంది సుశీలమ్మ.

సుశీలమ్మ టీ గ్లాసులు తీసి పక్కన పెట్టింది.

"పోనీ తియ్యి. థాంక్స్ చెప్పుడు తప్పయితే మీ పేపర్ల గూడ నన్ను రచయితను చెయ్యుండ్రి. తమ్ముడు అయిదు పేజీలకే చేస్తుండు. మీయి తొమ్మిది."

వెంకటప్పయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒప్పుకుంటే పదకొండేళ్ల పేపరులో సగం పోతుంది. కాదంటే భార్య పేరు ధన్‌సింగ్ పక్కన మాత్రమే అచ్చవుతుంది. రూలు అబద్ధమంటే పరువు పోతుంది. మూడింటిలో ఏది తక్కువ నష్టమో గణితం లెక్చరరుకే తేలలేదు.

"ఏమండీ, ఒకటి అడుగుత. మార్జిను ఒకటిన్నర అంగుళం అని మీరు నాకెప్పుడన్న చెప్పిండ్రా?"

"లేదు."

"వరుసల నడుమ రెండంతల జాగా ఇడువుమని?"

"లేదు."

"మరి నేనెట్ల కొట్టిన? పోస్టుమ్యాన్ కాడ కవరు తీస్కున్నది నేను. టైపు కొట్టేటిదాన్ని, రూళ్లు సదవకుంట కొడ్తనా? మీరు తాళమేసేలోపే నేను పద్నాలుగు సదివిన. తొమ్మిదో రూలు ఏందో చెప్పనా? థాంక్స్ చెప్పేటిది ఉంటే చివర్ల, పుస్తకాల పట్టిక కంటే ముంగట రాయాలె."

ధన్‌సింగ్ గోడ వైపు తిరిగాడు. భుజాలు ఎగురుతున్నాయి. మధ్యాహ్నమే వచ్చి అక్కను అడిగి పోయాడని, ఇద్దరు రచయితల సంగతి అక్క నేర్పిన పాఠమేనని వెంకటప్పయ్యకు అప్పుడు వెలిగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"కుళ్లుకున్న సుశీలా," అన్నాడు చివరికి. "వాని పేపరు సూసి నవ్వినట్టు నా పేపరు సూసి ఎన్నడు నవ్వలేదు నువ్వు."

"నవ్వుదమనే మైనస్ సంగతి అడిగిన. లోతు అన్నరు."

వెంకటప్పయ్య నాలుగో పేజీ తీశాడు. ఏడో పేజీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. వేలితో వరుస వెంట వరుస లెక్క చూశాడు. ఏడో పేజీలో ఉండాల్సింది మైనస్సే. మైనస్ పెడితే తొమ్మిదో పేజీలో అన్నీ కొట్టుకుపోయి సున్నా సున్నాకు సమానమని తేలింది. ఆ సత్యం కనిపెట్టడానికి పదకొండేళ్లు అక్కర్లేదు.

వారం రోజులు ఆయన తిండి సరిగ్గా తినలేదు. వంటింటి గచ్చు మీద సుద్దతో లెక్కలు వేశాడు, సుశీలమ్మ వాటిని దాటుకుంటూ వంట చేసింది. ఏమీ తేలలేదు. ఎనిమిదో రోజు ఆయన్ను అడగకుండానే ఆమె ధన్‌సింగ్‌ను పిలిపించింది. అతను గచ్చు మీద కూర్చుని గంటసేపు చూసి, ఒక మూల చిన్న షరతు ఒకటి రాశాడు.

"సార్, గిది కలిపితే మొదటి సగం నిలవడ్తది. మంచి ఫలితం సార్, నిజంగ."

నిలబడింది. తొమ్మిది పేజీలు ఆరయ్యాయి, కానీ ఆరూ నికార్సైనవే. సుశీలమ్మ మళ్లీ కార్బన్లు పెట్టి మొత్తం కొట్టింది. సూత్రాలు దిద్దింది. ధన్‌సింగ్ గడప మీద కూర్చుని కాపీలు సరిచూస్తున్నాడు. పుస్తకాల పట్టికకు ముందు ఆమె ఆగింది.

"ఊఁ, చెప్పుండ్రి."

"రచయిత కృతజ్ఞతలు," అన్నాడు వెంకటప్పయ్య, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఎవరికి?"

"గుర్తుల్లో పొరపాటు పట్టిచ్చిన శ్రీమతి సుశీలకు."

టకటకా కొట్టింది. పెదవుల మీద నవ్వు దాచుకోలేదు. వెంకటప్పయ్యకు పదకొండేళ్ల అలసట తీరినట్టయింది. లేవబోయాడు.

"ఇంక?"

గడప మీది మనిషి తల ఎత్తలేదు. వెంకటప్పయ్య మళ్లీ కూర్చున్నాడు. ధన్‌సింగ్ పేపరులో ఏ రెండు పేర్లు పక్కపక్కన పడకూడదని ఇంత నాటకం ఆడాడో, ఆ రెండూ ఇప్పుడు తన పేపరులో, తన నోటితోనే పడాలి.

"ధన్‌సింగ్‌కు," అన్నాడు లోగొంతుకతో.

"గట్టిగ చెప్పుండ్రి. మిషను చప్పుడుల ఇనపడ్తలేదు."

మిషను ఆగి ఎంతసేపో అయింది. సుశీలమ్మ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. వెంకటప్పయ్య అది చూశాడు, చూసి కూడా, గడప దాటి వాకిట్లోకి వినపడేంత గట్టిగా మళ్లీ చెప్పాడు.