పూర్తి చేసిన వంతెన

ఆ రోజు ఉదయం రోడ్లు, వంతెనల శాఖ అనువాదకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండింటికల్లా చేతిలో పని ముగించాలి, ఒంటిపూట సెలవు పెట్టాలి, రేవుకు వెళ్ళి భార్యను ఇంటికి తెచ్చుకోవాలి. ఆమె అవతలి ఒడ్డున బడిలో టీచరు. వానాకాలం వస్తే చుట్టుదారి కొండచరియలు పడి మూసుకుపోతుంది, చిన్న పడవలు నదిలో దిగవు. ఇక ప్రభుత్వ లాంచీ ఒక్కటే దిక్కు. అదీ మబ్బుల ముఖం చూసి, మనసైతే కదులుతుంది. ఈసారి ఆమె ఇంటి ముఖం చూసి పదకొండు రోజులైంది.

పెళ్ళయి ఆరేళ్ళు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే రెండేళ్ళు కూడా తేలవు. బదిలీ అర్జీలు పెట్టీ పెట్టీ ఆమె చేతిరాత కుదురుకుంది తప్ప ఒరిగిందేమీ లేదు. మిగిలిన ఆశల్లా వంతెన. మూడు పరాయి దేశాలు ఒక్కటై, ఇక్కడి రోడ్లూ రేవులూ బాగుచేయడానికి సాయం చేస్తామని ముందుకొచ్చాయి. ఆ జాబితాలో ఈ నది కూడా ఉంది. నూట నలభై పేజీల దరఖాస్తు పూర్తి చేసి పంపడమే తరువాయి.

ఇక్కడ ఆ ఆఫీసు భాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. అక్కడ ఫైలును ఫైలు అనరు, దరఖాస్తును దరఖాస్తు అనరు. అది దేనిదైతే దాని పేరే దానికి. "రేవు ఎక్కడ పెట్టావయ్యా?" అంటే "బీరువా మీదుంది సార్" అంటారు. "రైలు గేటుకి చెదలు పట్టింది" అంటే కొత్తవాడు హడలిపోతాడు గానీ పాతవాళ్ళు వెళ్ళి చెదలమందు తెస్తారు. వంతెన ఏడాదిగా సూపరింటెండెంటు బల్ల మీదే ఉంది. దాని మీద ఆయన టీ గ్లాసు పెట్టుకుంటారు.

పదకొండున్నరకు ఆయన కేకేశారు.

"ఏమయ్యా, ఆ సాయం చేసేవాళ్ళు వంతెన ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు. పూర్తి చేశాం, చీఫ్ ఇంజనీరు గారు చూసి సంతకం కూడా పెట్టారు అని రాసి పడేయ్."

"ఇంకేమైనా రాయాలా సార్?"

"ఇంకేముంటుంది? మీ సాయానికి కృతజ్ఞతలు అని చివర్లో తగిలించు."

అనువాదకుడి చూపు గోడగడియారం మీదుంది. ఎనిమిదేళ్ళు ఆ గదిలో కూర్చున్నాక అతని చెవికి ఆఫీసు భాషా మనుషుల భాషా ఒకటైపోయాయి. ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పరభాషలోకి మార్చాడు. వంతెన పూర్తి చేశాం. చీఫ్ ఇంజనీరు చూసి సంతకం పెట్టారు. మీ సాయానికి కృతజ్ఞతలు. ఉత్తరం పంపేసి, గొడుగు అందుకుని పరుగు తీశాడు.

ఆమె ఉన్న ఆ రెండు రోజులూ ఇల్లు ఇల్లులా ఉంది. మళ్ళీ లాంచీ ఎక్కబోతూ భార్య అడిగింది, "ఈసారైనా వంతెన వస్తుందంటారా?"

"అంతా సిద్ధమైపోయింది. రాక ఎక్కడికి పోతుంది!"

"మీరింత ధీమాగా అన్నప్పుడే నాకు భయమేస్తుందండీ" అంది ఆమె.

మూడు వారాలకు జవాబు వచ్చింది. "మా డబ్బు అందకముందే వంతెన పూర్తి చేసిన దేశాన్ని మేమింతవరకు చూడలేదు. అభినందనలు. మా ప్రతినిధి స్వయంగా వచ్చి దాని మీద నడవాలని ముచ్చటపడుతున్నారు." అనువాదకుడి కలం 'పూర్తి' అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఉత్తరం చేతబట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి, ఆయన్ని వెంటబెట్టుకుని చీఫ్ ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే ఆలస్యమైంది. ఉత్తరం నకలు ఒకటి నేరుగా మంత్రిగారికి వెళ్ళింది. ఆయన ముందురోజే పేపరువాళ్ళను పిలిచి గర్వంగా చెప్పేశారు.

"సార్, వంతెన పూర్తి చేశాం గానీ..." సూపరింటెండెంటు నీళ్ళు నమిలారు.

"చేశారు కదా! మరి నాకు ముందే చెప్పొద్దూ?" అన్నారు చీఫ్ ఇంజనీరు.

"అంటే సార్, కాగితాల మీద..."

"మనం ఏం చేసినా కాగితాల మీదే కదయ్యా. వినయాలు తర్వాత చూపిద్దువుగానీ."

"నది మీద లేదు సార్" అన్నాడు అనువాదకుడు, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

చీఫ్ ఇంజనీరు ఎదురుగా ఉన్న పేపరు వైపు చూశారు. మంత్రిగారి పక్కన తన ఫొటో కూడా పడింది. పేపరు మడిచి పక్కన పెట్టారు. "మంత్రిగారు ఉందన్నాక లేదనడానికి నువ్వెవరు, నేనెవరు?"

అక్కడితో ఆగినా బాగుండేది. పేపరు చూసిన లాంచీల విభాగం, వంతెన పూర్తయినందున ఒకటో తారీకు నుంచి లాంచీ రద్దు అని ఉత్తర్వు తీసింది. టీచరమ్మ బదిలీ అర్జీని ఆరేళ్ళలో మొదటిసారి ఎవరో మహానుభావుడు తెరిచి చదివాడు. చదివి, పక్కన ఎర్రసిరాతో రాశాడు, "వంతెన ఉన్నది గనుక రోజూ ఇంటి నుంచే రావచ్చును. బదిలీ అనవసరం."

ఒకటో తారీకు పొద్దున్నే ఆమె ఫోను చేసింది. "ఏవండీ, లాంచీ ఆపేశారు. వంతెన పూర్తయిందట! ఏ వంతెనండీ? రోజూ ఒడ్డు మీదే నిలబడుతున్నాను, నా కళ్ళకి కనపడదే?"

అతను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు.

"మీకేమైనా తెలుసా?"

"అది... నేను అనువదించిందే" అన్నాడు.

నది హోరు మధ్య ఆమె ఏడుపు వినపడింది. నాలుగు తిట్టినా బాగుండేది అనుకున్నాడు అతను. ఆ పూట అన్నం సహించలేదు.

ప్రతినిధి రానే వచ్చింది. ముందురోజు చీఫ్ ఇంజనీరు అందరినీ కూర్చోబెట్టి ఉపాయం చెప్పారు. "వరదకి కొట్టుకుపోయిందని చెబుదాం. మనం కట్టింది కొట్టుకుపోయిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు." నమ్మకం కుదరడానికి సూపరింటెండెంటు నాలుగు పగిలిన సిమెంటు దిమ్మెలు తెప్పించి ఒడ్డున పారేయించారు. వాటిని మరీ వరసగా పేర్చారని చీవాట్లు తిని, మళ్ళీ చెల్లాచెదురు చేయించారు.

ప్రతినిధి పెద్దావిడ. వానకోటు వేసుకుని బురదలో జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చింది. దిమ్మెల వైపు చూసింది, అనువాదకుడి వైపు చూసింది. సరిగ్గా అప్పుడే అతని కళ్ళు అవతలి ఒడ్డు మీద పడ్డాయి. అంత దూరాన భార్య నీలం గొడుగు కదలకుండా నిలబడి ఉంది. నేర్పించిన మాటలన్నీ పక్కన పెట్టి, ఆవిడ భాషలో జరిగిందంతా చెప్పేశాడు. బల్ల మీది వంతెన గురించి, గడియారం గురించి, ఆ గొడుగు గురించి కూడా.

"ఒక్క ముక్కకి ఇంతసేపా?" అన్నారు చీఫ్ ఇంజనీరు.

"పెద్ద వరద కదా సార్" అన్నాడు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నాకు అర్థమైంది బాబూ" అంది తన భాషలో. "కానీ మా మూడు దేశాల లెక్కల్లోనూ ఇది పూర్తయిన పని. దీన్నే చూపించి మిగతావాళ్ళని తొందరపెడుతున్నాం. పూర్తయిన వంతెనని మళ్ళీ మొదలుపెట్టే దారి మా నిబంధనల్లో లేదు. నన్ను మన్నించు." అతని చేయి గట్టిగా నొక్కి కారెక్కింది.

"ఏమంటోంది?"

"విచారిస్తున్నారు సార్."

పది రోజులకు ఆవిడ దగ్గర్నుంచి మరో ఉత్తరం వచ్చి, మామూలుగానే అనువాదకుడి బల్ల మీద పడింది. "నది ఒడ్డున మీ అనువాదకుడు దాపరికం లేకుండా నిజమంతా చెప్పినందుకు ఆయనను ప్రత్యేకంగా అభినందిస్తున్నాం" అని ఉంది అందులో. చింపి పారేస్తే పోయేది. ఆ వాక్యం ఒక్కటీ మింగేసినా ఎవరికీ తెలిసేది కాదు. చేతికి పట్టిన అలవాటు ఊరుకుంటుందా? ఒక్క అక్షరం పొల్లుపోకుండా అనువదించి పైకి పంపాడు.

చీఫ్ ఇంజనీరు కేకలేయలేదు. "ఇంత నిజాయితీపరుణ్ణి మన మధ్య ఉంచుకోవడం తప్పు" అన్నారంతే. సాయంత్రానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. కొత్తగా పెట్టిన వంతెన నిర్వహణ కార్యాలయానికి గుమాస్తాగా వేశారు. కార్యాలయం అవతలి ఒడ్డున!

అతను ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. ఆరేళ్ళ అర్జీలకు దొరకనిది ఒక్క శిక్షతో దొరికింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ భార్యకు ఫోను చేశాడు. "నేనే వచ్చేస్తున్నానే! నన్ను అక్కడికే వేశారు, మీ ఊరికే!"

"నిజమా? ఒట్టు?" ఆమె నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "ఎప్పుడొస్తున్నారు? ఏం వండిపెట్టుకుని ఎదురుచూడను?"

"ఉండు, చూసి చెబుతా" అని అతను కాగితం తిప్పాడు.

రెండో పేజీలో ఇలా ఉంది: సోమవారం ఉదయం పది గంటల్లోగా విధుల్లో చేరవలెను, చేరనిచో ఉద్యోగం రద్దగును, ప్రయాణం వంతెన మీదుగా మాత్రమే.