అరిస్మెండీ కుర్చీ దిగిన రోజు

దమియెట్టాలోని నజ్జారీన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఇకమీదట గోల్స్ మీద ఆధారపడి బతకబోదని మా అధ్యక్షులు హాజీ వజ్దీ అబూ షనబ్ సర్వసభ్య సమావేశంలో ప్రకటించారు. సభ్యులమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. అప్పటికే ఏడాదిగా ఓడిపోతున్నాం కనుక గోల్స్ లేకుండా బతకడం మాకు కొత్త కాదు. దాన్నొక విధానంగా ప్రకటించడమే కొత్త.

నజ్జారీన్ అంటే వడ్రంగులు. మా ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా రంపం చప్పుడే. ఈజిప్టులో ఎక్కడ పెళ్లి కుదిరినా మంచాలకీ సోఫాలకీ మా ఊరే రావాలి. హాజీగారిది మా ఊళ్లోకెల్లా పెద్ద ఫర్నిచర్ దుకాణం. ఆయన సోఫాలకు పట్టించే బంగారు పూత చూస్తే వెనకటి ఫ్రెంచి రాజులు కూడా కాస్త ఎక్కువైందనుకుంటారు. ఇక నేను, క్లబ్బు మైదానంలో మైకు ముందు కూర్చునేవాణ్ణి. కాబట్టి ఇక్కడ చెప్పబోయేదంతా అధికారికమే.

"యూరప్‌లో పెద్ద క్లబ్బులు ఏం అమ్ముకుంటున్నాయి?" అని హాజీగారు సభను అడిగారు. "గోలా? గోలు కొనుక్కుని ఇంటికి తీసుకుపోయి ఎక్కడ పెట్టుకుంటారయ్యా? వాళ్లు అమ్మేది పేరు. చొక్కా వీపు మీద పేరు. మనకి చొక్కాలున్నాయి, వీపులున్నాయి. లేనిది పేరొక్కటే."

కోచ్ ఫత్‌హీ జక్‌జూక్ వెనక వరసలోంచి లేచాడు. "హాజీగారూ, మనకి ఎడమవైపు డిఫెండరు కూడా లేడండీ."

"ఎడమవైపు డిఫెండరు పేరు ఇండోనేషియాలో ఎవడైనా వీపు మీద వేసుకు తిరుగుతాడా, కెప్టెన్?" కోచ్‌నైనా ఆటగాణ్ణైనా మేం కెప్టెన్ అనే పిలుస్తాం.

జక్‌జూక్ కూర్చున్నాడు. ఆయన కూర్చోవడాన్ని ఏకగ్రీవ ఆమోదంగా మినిట్స్‌లో రాసుకున్నాం.

అలా వచ్చాడు ఉరుగ్వేకు చెందిన రూబెన్ అరిస్మెండీ. రెండు ప్రపంచ కప్పులు ఆడినవాడు. వయసు ముప్ఫై ఎనిమిది. మోకాళ్లు రెండూ అతనికన్నా ముందే రిటైరయ్యాయని గిట్టనివాళ్లు అనేవారు. కొన్నాళ్లు గల్ఫ్‌లో ఆడాడు గనుక అరబ్బీ తడబడుతూనైనా మాట్లాడేవాడు. పళ్లెం నిండా వేడివేడి ముషబ్బక్‌తో, మీ జిలేబీకి చుట్టమనుకోండి, ఎదురెళ్లి స్వాగతం పలికాం. ఒక చుట్ట తుంచి నోట్లో వేసుకుని, వేళ్లు నాక్కుని, "ప్రాక్టీసు ఎప్పుడు?" అని అడిగాడు. విదేశీయుడైనా ఇంత చమత్కారం ఉందేమిటని హాజీగారు మురిసిపోయి నవ్వారు.

అది చమత్కారం కాదని మాకు, ప్రాక్టీసు లేదని అరిస్మెండీకి, ఇద్దరికీ ఒకేసారి తెలియవలసి వచ్చింది. ఆటగాడి కాళ్లు క్లబ్బు ఆస్తి. ఆస్తిని పదిమంది తన్నే చోట వదలకూడదన్నది కొత్తగా ఏర్పడిన బ్రాండు పరిరక్షణ సంఘం తీర్మానం. అతని కోసం మైదానం గీత పక్కనే సింహపు పాదాలు, ఎర్ర మఖమల్, నిండా బంగారు పూత ఉన్న ఒక కుర్చీ వేశారు. విరామంలో టోకెన్ తీసుకున్నవారు ఆ కుర్చీ చెయ్యి మీద కూర్చుని అతనితో ఫొటో దిగవచ్చు.

ఫలితాలు ఆశించినదానికన్నా బాగున్నాయి. చొక్కాలు జకార్తాలో అమ్ముడుపోయాయి, లిమాలో అమ్ముడుపోయాయి. మా ఊరు పటంలో ఎక్కడుందో తెలిసినవాళ్లు మా అభిమానుల్లో మైనారిటీ అయిపోయారు. ఇండోనేషియావారు అక్కడి సాయంత్రం భోంచేస్తూ చూసుకోవడానికి వీలుగా మా మ్యాచ్‌లను మిట్టమధ్యాహ్నానికి మార్చారు. ఎండకి ఇద్దరు ఆటగాళ్లు సొమ్మసిల్లి పడిపోతే ఆ వీడియోను లక్షలమంది చూశారు గనుక మూడోవాణ్ణి కూడా ప్రోత్సహించారు. గోలు స్తంభాలకు గులాబీలు చెక్కించి బంగారు పూత పూయించారు. ప్రత్యర్థి కొట్టిన బంతి ఒకటి గులాబీ రేకుకు తగిలి బయటికి పోయింది. రిఫరీ ఫిర్యాదు రాశాడు. ఆ ఫిర్యాదుకు హాజీగారు చక్కటి ఫ్రేము కట్టించి దుకాణంలో పెట్టారు, వెల చీటీతో సహా.

అరిస్మెండీ కుర్చీలో కూర్చుని నవ్వేవాడు. నవ్వడం ఒప్పందంలో ఉంది. ఒక్కోసారి మాత్రం బంతి గీత దాటి అతని పాదాల దగ్గరికి దొర్లి వచ్చేది. దాన్ని తాకవచ్చా అన్నట్టు హాజీగారి వైపు చూసేవాడు. ఈలోగా ఎవరో వచ్చి తీసుకుపోయేవారు.

ఇదిలా ఉండగా, కార్ఖానాల వెనక సందులో ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వడ్రంగులు బంతాట ఆడతారు. అటూ ఇటూ రెండేసి పెట్టెలు పెడితే గోలు. ఒక శుక్రవారం టోపీ ముఖం మీదికి లాక్కుని అరిస్మెండీ అటుగా పోతూ ఆగాడట. సోఫాలకు పాలిష్ పెట్టే దుసూకీ మేస్త్రీ, ఆ మనిషెవరో తెలియకుండానే, నాకీ సంగతి తర్వాత చెప్పాడు.

"ఏం ఖవాగా, ఊరికే నిలబడ్డావ్? మాకొకడు తక్కువయ్యాడు. వచ్చి గోల్‌లో నిలబడు," అని దుసూకీ పిలిచాడట. ఖవాగా అంటే దొర.

నిలబడ్డాడు. తర్వాతి శుక్రవారం ముందుకొచ్చి ఆడాడు. బంతిని కాలి దగ్గర కాసేపు అట్టిపెట్టుకుంటే దుసూకీ ఊరుకోలేదు.

"పాస్ ఇవ్వవయ్యా ఖవాగా. బంతేమైనా మీ తాత సొమ్మా?"

అరిస్మెండీ పొట్ట పట్టుకుని నవ్వాడట. ఈ నవ్వు ఒప్పందంలో లేదు.

"గడ్డం చూస్తే ఆ కుర్చీలో కూర్చునే అరిస్మెండీలా ఉన్నావే," అన్నాడు ఇంకొకడు.

"అందరూ అంటారు."

"వాడైతే ఇంత నెమ్మదిగా పరిగెత్తడులే," అని దుసూకీ తేల్చేశాడు.

అప్పటి నుంచి ఒక్క శుక్రవారం కూడా మానలేదు. చెమటతో తడిసి, చొక్కా నిండా రంపపు పొట్టుతో హోటలుకు తిరిగివస్తే, ఏదో కొత్త సెంటు ప్రకటన కోసం వేసిన వేషమేమోనని అక్కడివాళ్లు అనుకునేవారు.

చివరి మ్యాచ్ వచ్చింది. గెలిస్తే రెండో డివిజన్‌లో ఉంటాం, లేకపోతే మూడోదానికి పోతాం. జక్‌జూక్ ముందురోజే దుకాణానికి వెళ్లి హాజీగారి ముందు నిలబడ్డాడు.

"ఒక్క అరగంట ఇప్పించండి హాజీగారూ. కాళ్లు పోయినా కళ్లున్నాయి ఆ మనిషికి. బంతి ఎక్కడికి పంపాలో తెలుసు."

"నీకు వ్యాపారం తెలీదు కెప్టెన్," అన్నారు హాజీగారు ప్రేమగా. "అతను ఆడి మనం ఓడిపోయామనుకో, ఇతనింతే అంటారు. ఆడకుండా ఓడిపోయామనుకో, ఆడుంటే గెలిచేవాళ్లమని పదేళ్లు చెప్పుకుంటారు. పేరు దెబ్బతినకుండా ఉండాలంటే దాన్ని వాడకూడదయ్యా."

మ్యాచ్ రోజు మైదానం కిటకిటలాడింది. మా గోలు ఒకటి, వాళ్ల గోలు ఒకటి. విరామంలో ఫొటోల వరస తెగలేదు, అందువల్ల ఆట మొదలైనా వరస అలాగే కొనసాగాలని నేను మైకులో ప్రకటించాను. చాలాసేపటికి పెళ్లి బట్టల్లో వచ్చిన ఒక కొత్త జంట వంతు వచ్చింది. ఆట ఇంకా పావుగంట ఉంది. అరిస్మెండీ కోటు విప్పి జాగ్రత్తగా మడిచి కుర్చీలో పెట్టి, జక్‌జూక్ దగ్గరికి నడిచాడు.

"నన్ను దింపు, కెప్టెన్."

"దింపితే నా ఉద్యోగం పోతుంది."

"ఓడిపోయినా పోతుందిగా."

జక్‌జూక్ గడియారం చూసుకున్నాడు. "అదీ నిజమే. బూట్లున్నాయా?"

ఉన్నాయి. వచ్చిన రోజు నుంచీ వాటితోనే వస్తున్నాడట, కోటు కింద చొక్కాతో సహా.

అతను గీత దాటగానే మైదానం హోరెత్తింది. ఆనందంతో కాదు. "కూర్చో కెప్టెన్, మా టోకెన్ ఇంకా ఉంది," అని ఒకవైపు నుంచి. "పెళ్లికూతురు నిలబడి ఉందయ్యా, కాస్తయినా మర్యాద లేదా," అని ఇంకోవైపు నుంచి. హాజీగారు నా చెవిలో చెప్పినదాన్ని నేను మైకులో చదివాను: "గౌరవనీయులైన కెప్టెన్ అరిస్మెండీ గారు తక్షణమే తమ ఆసనాన్ని అలంకరించవలసిందిగా విజ్ఞప్తి." అరిస్మెండీ నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. మళ్లీ బంతి వెనక పడ్డాడు.

గొప్పగా ఆడాడని చెప్పలేను. రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. ఒకసారి బోర్లా పడి, మోకాళ్లకు మట్టితో లేచాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. చివరికి బంతి అతని కాలికి చిక్కింది. ఒక్క క్షణం కూడా అట్టిపెట్టుకోలేదు. ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి, తలుపు సందులోంచి ఉత్తరం తోసినట్టు తోశాడు. ఎడమవైపు నుంచి దూసుకొచ్చిన అబ్దెల్‌రెహీం షల్లూఫ్ దాన్ని గోల్‌కీపరు చంక కింద నుంచి వలలోకి కొట్టాడు. గెలిచాం. డివిజన్ నిలిచింది.

"అరిస్మెండీ పాస్," అని నేను మైకులో ప్రకటించాను. ఫోన్లన్నీ అతని మీదే ఉన్నాయి గనుక బంతి వలలో పడడం ఎవరి వీడియోలోనూ లేదు. అతన్ని ఆడించాలన్నది మొదటి నుంచీ తన వ్యూహమేనని హాజీగారు ఆ సాయంత్రమే వెల్లడించారు. పాస్ ఇస్తున్న కాలు బొమ్మతో కొత్త చొక్కాలు వచ్చాయి. గోల్ కొట్టిన మనిషి పేరు కూడా వెయ్యమని అరిస్మెండీ అడిగాడు. "ఆ పేరు వీపు మీద పట్టదు కెప్టెన్," అన్నారు హాజీగారు. "పట్టినా కొనేదెవరు?"

అభిమానుల చొక్కాల మీద సంతకాలు పెట్టించే రోజున, గోల్ కొట్టిన ఆ మనిషే అరిస్మెండీ చొక్కా కొనుక్కుని వరసలో నిలబడ్డాడు. అరిస్మెండీ సంతకం చేసి, ఇంకో చొక్కా తీసి, "దీని మీద నువ్వు చెయ్యి, నేను ఇంటికి తీసుకుపోతాను," అన్నాడు. కాపలావాడు పరుగెత్తుకొచ్చి ఆ మనిషి చేతిలో కలం లాక్కున్నాడు. సరుకు మీద పిచ్చిగీతలు గీస్తున్నాడని.

అరిస్మెండీ ఒప్పందం పొడిగించుకోలేదు. వెళ్లేముందు శుక్రవారం సందులో ఆడి, తానెవరో చెప్పకుండానే వెళ్లిపోయాడు. దొర రాకపోయేసరికి దుసూకీ మేస్త్రీకి ఇప్పటికీ ఒకడు తక్కువే. క్లబ్బు ఈ ఏడు ముగ్గురు తారల్ని కొన్నది, మూడు కుర్చీలూ చేయించింది. జక్‌జూక్ ఉద్యోగం పోయింది, గెలిచినందుకు.

మా ఊరివాళ్లకు ఆట చూడడం రాదని మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వండి, మీరు శ్రద్ధగా చదివారు. అయితే మమ్మల్ని ఆ డివిజన్‌లో నిలబెట్టిన గోల్ ఎవరు కొట్టారో పైన రాశాను. వెనక్కి తిరిగి చూడకుండా అతని పేరు చెప్పండి.