క్యాంపుకు వెళ్ళిన నీలం సంచి

ఆ మంగళవారం ఉదయం ఏడింటికి ఎలానా క్రుప్నిక్‌కు ఒక్క పనే మిగిలింది. నీలం సంచిని తమ యూదుల ప్రార్థనాలయం, సినగాగ్ ముందు ఆగే లారీలో వేయించడం. పిల్లలు బుధవారం బస్సెక్కుతారు, సామాను ఒకరోజు ముందే బయల్దేరాలని అలూమా క్యాంపువాళ్ళు పంపిన పదకొండు పేజీల సూచనల్లో ఉంది. ఎలానా ఆ పేజీలు మూడుసార్లు చదివింది. కూతురు షైనా పేరు అచ్చువేయించిన చిన్న గుడ్డముక్కలను ప్రతి మేజోడుకూ, ప్రతి లోదుస్తుకూ కుట్టింది. మందులు విడిగా నర్సు పేరున పంపింది. ఫోను వద్దన్నారు, ఇవ్వలేదు. తినుబండారాలు వద్దన్నారు, అప్పటికే పెట్టిన బిస్కెట్లు బయటికి తీసేసింది. శుక్రవారం సాయంత్రం ప్రార్థనకు తెల్లబట్టలు తప్పనిసరి అన్నారు, రెండు జతలు పెట్టింది. పదకొండేళ్ళ పిల్ల మొదటిసారి మూడు వారాలపాటు ఇల్లు విడిచి వెళ్తోంది. ఏ లోటూ రాకూడదు.

"సెత్, పైన మెట్ల పక్కన నీలం సంచి ఉంది. క్యాంపువాళ్ళిచ్చిన చీటీ దానికి కట్టి లారీలో వేసిరా" అంది భర్తతో.

సెత్ అరగంటలో తిరిగొచ్చాడు. "ఎంత తేలిగ్గా సర్దావ్! మిగతా తల్లులు ఇల్లంతా మోసుకొచ్చారు" అని మెచ్చుకున్నాడు కూడా. ఎలానా ఆ మెప్పును తనదిగానే పుచ్చుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"షైనా అమ్మగారేనాండీ? నా పేరు తెహిలా, పాప ఉండే గది నేనే చూసుకుంటాను. కంగారుపడాల్సిందేం లేదు."

ఎలానాకు అప్పుడే కంగారు మొదలైంది.

"పాప సంచిలో అన్నీ తెల్లబట్టలేనండీ. బ్రష్షు కూడా లేదు. మీ ఇంట్లో ఆచారాలు కాస్త గట్టివేమో అనుకున్నాం, మాకేం అభ్యంతరం లేదు. కానీ చొక్కాకి ఒక్క జేబైనా లేదు. పైజమాకి కాళ్ళ దగ్గర కుట్టేసి ఉంది."

"నేను పన్నెండు జతల లోదుస్తులు పెట్టానమ్మా!"

"దారిలో మారిపోయిందేమో. తోటి పిల్లలు తలా ఒకటి ఇచ్చారులెండి. అయినా ఆ పాదాలున్న పైజమా పాపకి భలే నచ్చింది. రాత్రిపూట చలికి వెచ్చగా ఉందట."

"ఒక్క నిమిషం పాపతో మాట్లాడనా?"

"మొదటి పదిరోజులూ కుదరదండీ. ఆరో పేజీలో ఉంది."

తప్పంతా లారీవాళ్ళదేనని సెత్ తేల్చేశాడు. ఎలానా వాళ్ళకు రెండు పేజీల ఘాటైన ఉత్తరం రాసి పంపింది.

శుక్రవారం నాలుగింటికి క్యాంపు ఫొటోలొచ్చాయి. సరస్సు ఒడ్డున షైనా నవ్వుతూ నిలబడి ఉంది. తెల్లటి పొడవాటి చొక్కా, నడుముకు తెల్లటి పట్టీ, తలకు తెల్లటి టోపీ. ఎలానా మురిసిపోయి ఫోనును అత్తగారికి చూపించింది. ఎనభై నాలుగేళ్ళ పెర్ల్ ఆరేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉంటోంది. ఆవిడ సూపు పొయ్యి మీంచి దించి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఫొటోను చాలాసేపు చూసింది.

"ఆ మెడ కుట్టు నాది" అంది.

"మీదేమిటత్తయ్యా?"

"అవి నా ఆఖరి బట్టలమ్మాయ్. నేను పోయాక నాకు తొడగడానికి నా చేత్తో కుట్టుకున్నవి. మంగళవారం పొద్దున్నే ఎండలో వేద్దామని సంచి మెట్ల పక్కన పెట్టా. సాయంత్రం మళ్ళీ మంచం కిందకి తోసేశాగా!"

ఇద్దరూ పెర్ల్ గదిలోకి పరుగెత్తారు. మంచం కింది నీలం సంచి జిప్పు లాగగానే పన్నెండు జతల లోదుస్తులు, ఒక్కొక్కదాని మీద షైనా పేరుతో సహా బయటపడ్డాయి. రెండు సంచులూ పెర్లే ఒకే దుకాణంలో కొంది. పెర్ల్ మంచం మీద కూలబడి "తూ తూ తూ" అని మూడుసార్లు దిష్టి తీసింది.

ఎలానా క్యాంపు ఆఫీసుకు ఫోన్ చేసింది. "మా పాప ఒంటి మీద బట్టలు ఇప్పుడే మార్పించండి! అవి చనిపోయినవాళ్ళకి వేసేవి!"

అవతల ఎవరో అమ్మాయి. "అయ్యో, ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు. మా అత్తగారి బట్టలవి..."

"మీ అత్తగారా! ఎప్పుడు?"

"కాదమ్మా, ఆవిడ ఇక్కడే మంచం మీద ఉన్నారు. నోట మాట లేదు..."

"ఇంకా ఇంట్లోనే ఉన్నారా!" ఆ అమ్మాయి ఏడ్చేసింది. "మీరు ధైర్యంగా ఉండండి. డైరెక్టరుగారికి ఇప్పుడే చెప్తాను."

ఫోను పెట్టేసింది. ఎలానా మళ్ళీ చేస్తే, శుక్రవారం పొద్దుగుంకగానే మొదలయ్యే విశ్రాంతిదినం షబ్బత్ కాబట్టి ఆఫీసు ఆదివారం వరకూ ఉండదని రికార్డు గొంతు చెప్పింది. కబురు వదలడానికీ చోటు లేదట. అప్పటికే మిగతా తల్లులు నింపేశారు.

క్యాంపు దరఖాస్తులో, అవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట ఎలానా తమ సినగాగ్ మతగురువు, రబ్బీ నంబరు రాసింది. డైరెక్టరు కబురు ఆయనకే చెప్పాడు. గంట తిరక్కుండా గుమ్మంలో గంట మోగింది. పెర్లే వెళ్ళి తలుపు తీసింది. పక్కింటి గిటెల్‌మన్ గారి భార్య చావింటికని వండిన నూడుల్స్ కూగెల్ పళ్ళెంతో, తల వంచుకుని నిలబడి ఉంది.

"ఎలానా, పెర్ల్ లాంటి మనిషి మళ్ళీ పుట్టదు" అంది గద్గదంగా.

"కాస్త గట్టిగా చెప్పు, ఈ చెవి సరిగా వినబడదు" అంది పెర్ల్.

పళ్ళెం మెట్ల మీద భళ్ళున పడింది. పొద్దుగుంకేలోగా ఆ గుమ్మంలో ఏడు వంటకాలొచ్చాయి, ఏడు కేకలు వినిపించాయి. ఎనిమిదో మనిషి రాకముందే సెత్ "అమ్మ బతికే ఉంది" అని కాగితం మీద రాసి తలుపుకు అంటించాడు.

"నేను క్యాంపుకి వెళ్ళొస్తా" అని కారు తాళాలు అందుకున్నాడు.

"దీపాలు వెలిగించే వేళయింది. షబ్బత్ నాడు కారెక్కావంటే ఈసారి నేను నిజంగానే పోతా" అంది తల్లి.

శనివారమంతా ఎలానాకు ముద్ద దిగలేదు. పిల్లకు చెప్పేశారా? ఒక్కతే ఏ మూల కూర్చుని ఏడుస్తోందో! ఆదివారం తెల్లవారుతుండగానే ఆమె కారు దగ్గరికి వెళ్ళబోతుంటే ఇంకో కారొచ్చి ఇంటిముందు ఆగింది. అందులోంచి క్యాంపు డైరెక్టరు రబ్బీ ఓజర్ ఫైన్‌బ్లాట్ నల్లకోటుతో దిగాడు. వెనక షైనా. నిద్రలోంచి లేపి తెచ్చినట్టున్నారు, ఒంటి మీద అవే తెల్లబట్టలు. కళ్ళు ఉబ్బిపోయాయి.

పెర్ల్ కాఫీ కప్పుతో మెట్ల మీదికి వచ్చింది. రబ్బీ ఆవిడను చూసి, తలుపు మీది కాగితం చదివి, మళ్ళీ ఆవిడను చూసి కారుకు ఆనుకున్నాడు. పదకొండు పేజీల్లో దీనికి సూచన లేదు.

"నానమ్మా!" షైనా పరుగెత్తి ఆవిడను చుట్టేసుకుంది. "వాళ్ళేం చెప్పలేదు. ఇంటికెళ్దాం అన్నారంతే. నువ్వు పోయావనుకున్నా! దారంతా ఏడ్చా!" అంటూ పిడికిళ్ళతో నానమ్మ భుజం మీద కొట్టింది.

"కొట్టుకో, కొట్టుకో. దెబ్బ తెలుస్తోందంటే బతికున్నట్టే."

ఎలానా దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, నన్ను క్షమించండి. పవిత్రంగా దాచుకున్న బట్టలు..."

పెర్ల్ ఆ మాట వినిపించుకోలేదు. మనవరాలిని చేయి దూరంలో నిలబెట్టి కిందికీ పైకీ చూసింది. మోకాళ్ళ దగ్గర గడ్డి మరక, చేతి అంచుకు చలిమంట మసి, పైజమా పాదాలకు సరస్సు బురద.

"పాడుచేశాను కదా నానమ్మా?" అంది షైనా బిక్కమొహంతో.

"ఉతికితే పోతుందిలే" అంది పెర్ల్. "ఈ బట్టలు తొడుక్కుని బయటికెళ్ళి, మళ్ళీ ఇంటికి తిరిగొచ్చింది మనవాళ్ళలో నువ్వే మొదలు."