యోహాను మేష్టారి భూగోళం

1926లో ఒక సోమవారం పొద్దున యోహాను మేష్టారు చిన్న ఏర్పాటు చేసుకున్నాడు. శనివారం అమెరికా మిషను దొర, సముద్రం అవతలి బాగన్ దాతుక్ కొబ్బరి తోటలోని బడిని చూడ్డానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే బడి మూసేస్తారు. మేష్టారు మళ్లీ కాయలు ఒలుచుకోవాలి. అందుకని పిల్లల చేత దొర పుట్టిన ఊరి చరిత్ర, భూగోళం అప్పజెప్పించాలనుకున్నాడు. కిందటిసారి టీ తాగుతూ దొర చెప్పిందంతా మేష్టారికి కంఠతా వచ్చు.

"ఊరికి తూర్పున నది!" అని పిల్లలు అరిచారు. "సుట్టూ మొక్కజొన్న సేలు! మొదట వచ్చినోళ్లు అడవి కొట్టి ఇళ్లు కట్టినారు! చర్చి కంటే ముందే విశ్వవిద్యాలయం కట్టినారు! రైలు ఊళ్లోకే వస్తాది!"

బడికి గోడల్లేవు. పక్కనే కొబ్బరి ఎండబెట్టే కొట్టులో ఆడవాళ్లు పని ఆపి విన్నారు. నది, చేలు, కొట్టిన అడవి, ఊళ్లోకి రైలు. ఈ వరస వాళ్లు ఇదివరకు ఒకసారి విన్నదే. విశాఖపట్నం వైపు తమ ఊళ్లలో, కూలీలను పోగుచేసే కంగాణీ కూర్మయ్య నోట, ఈ తోట గురించి.

సాయంత్రం ఆ ఆడవాళ్లలో ఒకరైన ఎర్రమ్మ మేష్టారిని ఆపింది. "ఆ ఊళ్లో కూలి ఏపాటి బాబూ?"

పాఠం గురించే అడుగుతోందనుకున్నాడు మేష్టారు. "అక్కడ కూలీలుండరమ్మా. ఎవరి పొలం వాళ్లే దున్నుకుంటారు."

శనివారం దొర తమను ఆ ఊరికే తీసుకుపోతాడనుకుని బుధవారానికి ఎర్రమ్మ కోళ్లు అమ్మేసింది. అప్పడు అనే కూలీ మేకనూ మంచాన్నీ బావమరిదికిచ్చేసి నేల మీద పడుకున్నాడు. మేష్టారు ఇంటింటికీ తిరిగి అదేం లేదన్నాడు. అయితే ఆ నది గట్టున మనసులో ఆయన కూడా నడుస్తూనే ఉన్నాడు. లేదన్నప్పుడల్లా గొంతులో ఏదో పోగొట్టుకున్న దిగులు పలికేది. విన్నవాళ్లకది దాపరికంలా తోచింది.

"కాదంతన్నాడంటే సోటు కొందరికే ఉన్నాదన్నమాట," అన్నాడు అప్పడు. దాంతో మిగిలినవాళ్లూ పెట్టెలు సర్దారు.

కూర్మయ్య తోట మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. "నా జనాన్ని మేష్టారు ఎత్తుకుపోతన్నాడు దొరా!"

ఒక్క కూలీ కదిలినా బడీ ఉండదు, నువ్వూ ఉండవని మేనేజరు మేష్టారితో చెప్పాడు. సాక్ష్యానికని కూర్మయ్య శుక్రవారమంతా బడి వెనక కూర్చుని పాఠం విన్నాడు.

శనివారం పిల్లలు అప్పజెప్పారు. వెనక తోటంతా పెట్టెలతో నిలబడి ఉంది. దొర కళ్లు తుడుచుకుని, అందరికీ తెలిసేలా అరవంలో మాట్లాడాడు.

"అంతా నిజమే. శీతాకాలం ఒక్కటే వదిలేశారు. అయిదు నెలలు మంచు. నది రాయైపోతుంది, దాని మీద బళ్లు నడుస్తాయి. మా అమ్మ ఆరేసిన చొక్కా చెక్కలా నిలబడేది."

"కొబ్బరి?" అంది ఎర్రమ్మ.

"లేదు."

"వరి?"

"లేదు."

అప్పడు గొంతు సవరించుకున్నాడు. "మరి కల్లు, దొరా?"

"దేవుడి దయవల్ల చుక్క లేదు. దేశమంతా చట్టం చేసి ఆపేశాం," అన్నాడు దొర గర్వంగా.

పెట్టెలు నెమ్మదిగా ఇళ్ల వైపు తిరిగాయి. ఎర్రమ్మ కోళ్ల కోసం పరుగెత్తింది. మేనేజరు మేష్టారితో చేయి కలిపాడు. బడి నిలిచింది.

కూర్మయ్య ఒక్కడే కదల్లేదు. "మంచు అంట! కల్లు లేదంట! జనం రాకుండా అడ్డెయ్యడానికి కాకపోతే సొంత ఊరిని అంత సెడ్డగా ఎవుడు సెప్తాడు మేష్టారూ? ఊళ్ల గురించి సెప్పుకుని బతికినోణ్ణి, నాకు తెల్దా?" గొంతు తగ్గించాడు. "ఆ ఊళ్లో కంగాణీ ఉన్నాడా?"

"లేడు," అన్నాడు మేష్టారు.

సాయంత్రం దొర రేవుకు వెళ్లేసరికి కూర్మయ్య పెట్టె అప్పటికే పడవలో ఉంది.