కత్తిరించిన దగ్గు

ఆ రోజు పొద్దున్న ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లను డాక్టరుకు చూపించాలి, ఆ డాక్టరు చేత పిల్లను పగలు ఉంచే క్రెష్‌కు ఒక మాట చెప్పించాలి, మధ్యాహ్నంలోగా వెళ్ళి ఆఫీసులో తన కుర్చీలో కూర్చోవాలి. ఇందులో భర్త చేయవలసింది ఒక్కటే పని, రాత్రి పిల్ల దగ్గే దగ్గును రికార్డు చేసి పెట్టడం. ఒక్క పనే కదా, అదీ ఆయన రోజూ ఆఫీసులో చేసే పనే కదా అని ఆమె ధైర్యంగా ఉంది. కొంప ముంచింది ఆ ధైర్యమే.

అందరూ బుడంకాయ అని పిలిచే ఆ పిల్లకు రెండేళ్ళు దాటాయి. జలుబు వచ్చింది, పోయింది. దానితో వచ్చిన దగ్గు మాత్రం పనిలేని చుట్టంలా ఇంట్లోనే తిష్ఠ వేసింది. పగలంతా పిల్ల గంతులేస్తుంది, సోఫా ఎక్కి దూకుతుంది. రాత్రి దిండు మీద తల పెట్టగానే ఖంగుఖంగుమని మొదలు. తల్లి లేచి పిల్లను భుజాన వేసుకుని గదంతా తిరుగుతుంది. పక్కన తండ్రి గుర్రు పెడుతూ ఉంటాడు. ఇల్లు కూలినా లేచే రకం కాదు, లేచినా కూలిన సంగతి గమనించే రకం కాదు.

డాక్టరు దగ్గరికి ఇప్పటికే వెళ్ళివచ్చారు. అక్కడ బుడంకాయ ఆయన కళ్ళజోడు లాగి, ముసిముసిగా నవ్విందే గానీ, ఎవరెంత బతిమాలినా దగ్గలేదు. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. దగ్గు వింటే గానీ ఏమీ చెప్పలేను" అన్నాడు డాక్టరు. క్రెష్‌లో మాత్రం మధ్యాహ్నం పడుకోబెట్టగానే దగ్గుతుంది. తక్కిన తల్లులు గొడవ చేశారు. అంటుకునే దగ్గు కాదని డాక్టరు చెప్పేదాకా పిల్లను తీసుకురావద్దని క్రెష్ మేడమ్ తేల్చేసింది. అప్పటినుంచి తల్లికి సెలవుల మీద సెలవులు. నిన్న సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నానికి రాకపోతే పగటి డ్యూటీ ఇంకొకరికి ఇచ్చి ఆమెను రాత్రి డ్యూటీకి మారుస్తానన్నాడు. ఆమె రాత్రుళ్ళు ఆఫీసులో ఉంటే దగ్గే పిల్లకు దిక్కు ఆ గుర్రు పెట్టే మనిషి. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆమె పనిచేసేది బట్టలుతికే మెషిన్ల కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియని జనం ఫోన్‌లో అరుస్తుంటే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని తేనె పూసిన గొంతుతో చెప్పాలి. అలా పగలు మింగిన కోపమంతా రాత్రి భర్త మీద కక్కేది. ఆయనకు వినపడేది కాదు గనుక సంసారం సాఫీగానే సాగుతోంది.

భర్త రేడియోలో ప్రసంగాలు శుభ్రం చేస్తాడు. పెద్దమనుషులు మాట్లాడుతూ మధ్యలో దగ్గుతారు, గొంతు సవరిస్తారు, కాగితాలు గలగలలాడిస్తారు. అవన్నీ కత్తిరించి, ఆ మనిషి పుట్టినప్పటినుంచి దగ్గే ఎరగనట్టు చేయడం ఆయన విద్య. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే దోమ రెక్క చప్పుడు కూడా పట్టుకుంటాడు. అవి తీశాక పెళ్ళాం కేక కూడా వినపడదు.

"రికార్డు చేశారా?" అంది ఆమె, పిల్ల రెండో చెప్పు కోసం మంచం కింద దూరి.

"చేశాను. పెద్ద మైకు పెట్టి పడుకున్నాను. గదిలో చీమ నడిచినా పడుతుంది."

"దగ్గు పడిందా?"

"పడకేం. తెల్లవారుజామున లేచి ప్రసంగం పనితో పాటు దాన్నీ శుభ్రం చేసేశాను. ప్రసంగం స్టేషన్‌కి పంపించాను, ఇది నా ఫోన్‌లో ఉంది."

శుభ్రం అన్న మాట దగ్గరే ఆమె ఆగవలసింది. కానీ చెప్పు దొరికింది, చెప్పుతో పాటు మొన్న పోయిన చెంచా కూడా దొరికింది. ఆ సంబరంలో మాట జారిపోయింది.

బయలుదేరే వేళకు అత్తగారు కూడా చెప్పులేసుకుని నిలబడింది. "నేనూ వస్తాను. ఇవాళ మావాడు చేసిన ప్రసంగం రేడియోలో వస్తుంది. నాకు ఒక్కదాన్నీ కూర్చుని వినబుద్ధి కావడంలేదు" అంది. ప్రసంగం ఎవరిదో ఆవిడకు అక్కర్లేదు. అందులో వినపడని దగ్గులన్నీ తన కొడుకు పనితనమే అని ఆవిడ గర్వం.

ఆసుపత్రిలో బుడంకాయ యథాప్రకారం డాక్టరు కళ్ళజోడు లాక్కుంది. డాక్టరు గుండె చూశాడు, గొంతు చూశాడు, చెవులు చూశాడు. "చక్కగా ఉంది కదమ్మా" అన్నాడు.

"ఈసారి అలా అనలేరు డాక్టర్ గారూ. సాక్ష్యం తెచ్చాం" అని ఆమె భర్త వైపు చూసింది. భర్త ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, కచేరీ మొదలుపెట్టే మనిషిలా ఒకసారి అందరినీ చూసి, నొక్కాడు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఎక్కడో గడియారం టిక్కుటిక్కుమంది. పిల్ల మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. మళ్ళీ ఫ్యాను. డాక్టరు కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఇంత ప్రశాంతమైన ఇల్లు ఈమధ్య వినలేదమ్మా. మా ఇంట్లో ఇలా ఉండదు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

ఆమె భర్త వైపు తిరిగింది. "దగ్గేదీ?"

"ఏ దగ్గు?"

"పిల్ల దగ్గు. దేనికోసం మైకు పెట్టారో ఆ దగ్గు."

భర్త మొహంలో రంగులు మారాయి. "తీసేశాను" అన్నాడు. "మధ్యమధ్యలో ఎవరో దగ్గుతుంటే... నిద్రమత్తులో ఉన్నాను... చేతులు వాటంతటవే కత్తిరించేశాయి. గురక, ఎవరివో కేకలు కూడా తీసేశాను."

ఇలాంటప్పుడు మనిషిని ఏం చేయాలో ఏ చట్టమూ సరిగ్గా చెప్పలేదు. రాత్రంతా పిల్లను మోసి, పొద్దున్నే సెలవు కోసం మేనేజరుకు దండాలు పెట్టి, ఆటో కోసం ఎండలో నిలబడి వచ్చింది ఫ్యాను చప్పుడు వినిపించడానికా? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరు ముందు గనుక పళ్ళు బిగబట్టి, "మీ తెలివికి దండం" అని మాత్రం అంది.

తప్పు దిద్దుకుందామని భర్త ముందుకు వంగాడు. "నేను చేసి చూపిస్తాను డాక్టర్ గారూ. నాకు శబ్దాలు బాగా గుర్తుంటాయి" అని, పిల్ల ఎలా దగ్గుతుందో అలా దగ్గాడు. మొదట పొడిగా, తర్వాత లోతుగా, చివర చిన్న కూత. మనసుపెట్టి చేస్తే మనిషి ఏ పనైనా బాగానే చేస్తాడు. ఆ దగ్గు ఎంత బాగా కుదిరిందంటే ఆగమన్నా ఆగలేదు. నిజంగానే పొలమారి కళ్ళ నీళ్ళు తిరిగాయి. డాక్టరు గబగబా స్టెతస్కోపు అతని వీపుకు ఆనించి, "చొక్కా విప్పండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, బయట కూర్చున్న అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. చొక్కా విప్పుకుని దగ్గుతున్న కొడుకును, వీపు మీద స్టెతస్కోపును చూసింది.

"నా కొడుక్కేమైంది? పిల్లకని చెప్పి వీడికోసమా తీసుకొచ్చారు? నా దగ్గర దాచారా?"

"ఎవరికీ ఏమీ కాలేదత్తయ్యా."

"కాకపోతే చొక్కా ఎందుకు విప్పాడమ్మా?" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళి, తన కొడుక్కి ఊపిరితిత్తులు పోయాయని అక్కడ కూర్చున్న జనానికంతా చెప్పేసింది. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. అత్తగారు కళ్ళు తుడుచుకుంటూనే, రిసెప్షన్‌లోని అమ్మాయితో, "ఆ రేడియో కొంచెం పెంచమ్మా. వాడు ఉన్నంతవరకూ వాడి పని విననీ" అంది.

లోపల భార్య అప్పటికి అసలు ప్రశ్నకు వచ్చింది. "కత్తిరించిన దగ్గులు ఎక్కడున్నాయి? చెత్తబుట్టలో పడేశారా?"

"లేదు, నేనేదీ పారేయను. పక్కన ఇంకో ఫైలు తెరిచి ఉంటే అందులో అతికిస్తాను..." అంటూ ఆగిపోయాడు. "పక్కన తెరిచి ఉన్నది ప్రసంగం" అన్నాడు, గొంతు నూతిలోంచి వచ్చినట్టు.

అతను చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుంటూ బయటికి పరుగెత్తాడు. పిల్లను చంకనేసుకుని ఆమె, ఆమె వెనక డాక్టరు. స్టేషన్‌కు ఫోన్ కలపబోతుండగానే రేడియోలో ప్రసంగం మొదలైంది. అంశం: కోపం లేని ఇల్లు. మాట్లాడేది శాంతమూర్తి అని పేరుపడ్డ పెద్దమనిషి, పాలమీగడంత మెత్తటి గొంతు.

"సోదరులారా, ఎదుటివారు మనల్ని బాధపెడితే ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి" అన్నాడాయన.

ఖంగు, ఖంగు, ఖంగు అని దగ్గు. దాని వెంటనే ఒక ఆడగొంతు, "నీకు చెవులున్నది దేనికి? కళ్ళజోడు తగిలించుకోవడానికా?"

గదిలో జనమంతా రేడియో వైపు తిరిగారు.

"జవాబు కోసం ఓపికగా వేచి ఉండాలి" అన్నాడు శాంతమూర్తి. సమాధానంగా పొడుగాటి గురక వచ్చింది.

"మాటకు బదులు ఒక స్పర్శ చాలు."

"మొద్దు మొహమా, లే! లేస్తావా, బిందెడు నీళ్ళు కుమ్మరించమంటావా?"

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో ఒకావిడ మెల్లగా, "ప్రసంగం బాగుందండీ, ఆడవాళ్ళ పక్షం కూడా పెట్టారు" అంది. అత్తగారు మాత్రం బిగుసుకుపోయింది. నీళ్ళ బిందె ఆవిడను కదిలించలేదు. కోడలి వైపు తిరిగి, "పగలు నా ముందు ఏమండీ, మీరు. రాత్రి నువ్వా?" అంది.

ఆమె చంకలోని పిల్లను మొహానికి అడ్డం పెట్టుకుంది. తన గొంతు ఊరంతా వింటోంది. మేనేజరు ఆఫీసులో రేడియో పెట్టుకునే మనిషి. భూమి చీలితే బాగుండుననుకుంది. భూమికి అలాంటి అలవాటు లేదు. ఈ మొగుణ్ణి కన్నందుకు అత్తగారి మీద, కట్టుకున్నందుకు తన మీద, దగ్గవలసిన చోట దగ్గని పిల్ల మీద కూడా కోపం వచ్చింది.

డాక్టరు చెయ్యెత్తాడు. "ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. రేడియోకు చెవి ఆనించి, శాంతమూర్తి బోధలన్నీ దాటవేస్తూ, దగ్గు వచ్చినప్పుడల్లా తలాడించాడు. కాసేపటికి నిటారుగా నిలబడ్డాడు.

"ఇదీ నాకు కావలసింది. జలుబు తగ్గాక మిగిలే దగ్గమ్మా ఇది. పడుకోగానే ముక్కులోది గొంతు వెనక్కి కారుతుంది, అందుకే రాత్రిపూట. పడుకునే ముందు ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యండి. ఏడాది దాటిన పిల్ల గనుక అర చెంచా తేనె ఇవ్వచ్చు. దగ్గు సిరప్‌లు పొయ్యొద్దు. ఊపిరి వేగంగా తీసుకున్నా, డొక్కలెగరేసినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా తీసుకురండి. లేకపోతే కొద్ది వారాల్లో అదే పోతుంది. అంటుకునే రోజులు ఎప్పుడో అయిపోయాయి."

ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్ని రాత్రులు తిరిగిందో. ఏడుపొచ్చింది, కానీ కోపం ఇంకా ముందు వరసలో ఉంది గనుక దానికి వంతు రాలేదు. ఇంతలో భర్త ఫోన్ మోగింది. చేసింది స్వయంగా శాంతమూర్తి. ఫోన్ చెవికి ఆనించకుండానే గదిలో అందరికీ వినపడింది. తన ప్రసంగాన్ని పాడుచేసినవాడి తోలు వలుస్తానని, ఉద్యోగం ఊడపీకిస్తానని, వాడి వంశంలో చదువుకున్నవాళ్ళు లేరా అని ఆయన కేకలు. ఆమె ఫోన్ లాక్కుని, తేనె పూసిన గొంతుతో, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. ముందుగా మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి" అని పెట్టేసింది.

డాక్టరు నవ్వు ఆపుకుంటూ క్రెష్‌కు ఫోన్ కలిపాడు. దగ్గు అంటుకునేది కాదని, పిల్లను ఇప్పుడే పంపిస్తున్నామని చెప్పాడు. అక్కడితో పెట్టేయవలసిన ఫోన్ పెట్టలేదు. వింటూనే ఉన్నాడు. మధ్యమధ్యలో "అలాగా" అన్నాడు, ఒకసారి బుడంకాయ వైపు చూశాడు, ఒకసారి తల్లి వైపు చూశాడు.

"ఏమంటున్నారు? రానివ్వరా?" అంది ఆమె. గోడ గడియారం చూస్తే ఆఫీసుకు ఇంకా వేళ మించలేదు.

"నిక్షేపంగా పంపమన్నారు" అన్నాడు డాక్టరు ఫోన్ పెట్టేసి. "దగ్గు వాళ్ళ దగ్గర ఎవరికీ అంటుకోలేదట. కాకపోతే పిల్లలందరికీ ఇంకోటి అంటుకుందట. కునుకు తీస్తున్న ఆయా నెత్తిన ఎక్కి, మొద్దు మొహమా లే, మొద్దు మొహమా లే అని అరుస్తున్నారట. ఎక్కడినుంచి వచ్చిందో తెలియక వాళ్ళు ఇన్నాళ్ళూ జుట్టు పీక్కున్నారు. ఇవాళ అక్కడ కూడా రేడియో పెట్టారు."

బుడంకాయ తల్లి చంకలోంచి వంగి, బొత్తాలు తప్పుగా పెట్టుకుని నిలబడ్డ తండ్రి ముక్కు పట్టుకుని, "మొద్దు మొహమా" అంది ముద్దుగా.

దగ్గుకు మందు చెప్పిన డాక్టరు దగ్గర, దీనికి మాత్రం మందు లేదు.