మెట్లు నడక కిందికి రావు

హైదరాబాదులో చూడవలసినవి రెండు రకాలు: కట్టడాలు, చుట్టాలు. చూడకుండా వచ్చేస్తే కట్టడాలు అలగవు. అందుచేత మన పాలమూరు జనం ఏళ్ల తరబడి చార్మినారును ఆటోలోంచి చూసి, చుట్టాలను మాత్రం కూర్చుని చూసి వస్తున్నారు.

గద్వాలలో మగ్గం నేసే బాలకిష్టయ్యకు ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఆయన భార్య జానకమ్మ నోరు తెరిచి ఒకటి అడిగింది. పెళ్లయ్యాక అడగడం అదే మొదలు (అంతకు ముందు అడిగినవి ఆయనకు వినపడలేదు). ఆమె నేసిన నెమలికంఠం రంగు చీరను నగరంలో ఒక పెద్ద దుకాణంవాళ్లు అద్దాల వెనక బొమ్మకు కట్టి నిలబెట్టారని సావుకారి చెప్పాడు. పండుగ దాటితే మార్చేస్తారట.

"కట్టుకోనీకి అడుగుతలేనయ్యా. నేసినప్పుడు అది నేసినంత మగ్గానికే చుట్టుకపాయె. మనిషి మీద ఎట్లుంటదో ఒక్కపారి చూసొస్త."

"అది మనిషి కాదే, బొమ్మ."

"నాకు బొమ్మనే చాలు."

ఇబ్బందల్లా ఆమె మోకాళ్లు. మగ్గం గుంటలో తొక్కి తొక్కి అరిగిపోయాయి. పండుగ కాగానే కోస్తామని దవాఖానలో చెప్పారు.

ఇలాంటివారి కోసమే బస్టాండు ఎదుట ప్రదీప్ అనే కుర్రవాడు 'సుఖపాదం యాత్రలు' నడుపుతున్నాడు. అందులో 'తక్కువ నడక దంపతుల పథకం' అని ఒకటుంది. రెండు రోజులు. ఇంటి ముందు కారెక్కడం, చూసేచోట దిగడం.

"పెద్దమ్మ కాలు నేలకు తగిలితే నన్నడుగు, పెద్దనాయనా," అన్నాడు ప్రదీప్.

"మెట్లుంటే?"

"మెట్లు నడక కిందికి రావు. నడుసుడు ఏరే, ఎక్కుడు ఏరే. మా రూల్సు గట్లున్నయ్."

రూల్సు అన్నాక బాలకిష్టయ్య ఎదురు చెప్పలేదు. గుట్టుగా పోయి గుట్టుగా రావాలనుకున్నాడు. ఆ గుట్టును ఒక్క మనిషికే చెప్పాడు. ఆ మనిషి వనపర్తిలో ఉండే అక్క జోగమ్మ. మా ప్రాంతపు అలకల శాఖకు ఆమె శాశ్వత కార్యదర్శి.

"తమ్మీ, పోతే పోయినవ్ గని, ఉప్పల్ల మేనత్త బిడ్డ ఇల్లు తొక్కకుంట ఎట్లొస్తవ్?"

"జానకికి మోకాళ్లు జర..."

"మోకాళ్లు నీ పెండ్లానివి. ఇజ్జత్ మనందరిది."

శాఖ నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ఒక ఇంటికి పోతే ఆ వరుస ఇళ్లన్నిటికీ పోవాలి. ఒక ఇంట భోజనం చేస్తే తక్కినవారికి జీవితాంతం అలిగే హక్కు వస్తుంది. తక్కిన ఇళ్లలో కనీసం చాయ్ తాగితే ఆ హక్కు ఆరు నెలలకు తగ్గుతుంది. ఆ సాయంత్రానికే ప్రదీప్ పథకంలో కట్టడాలు పోయి కాలనీలు చేరాయి. చీర చివరికి జరిగింది.

నగరంలోని మన చుట్టాలంతా లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటారు. (లిఫ్టున్నవారిని మనం చుట్టాలనుకుంటాం గానీ, వారు అనుకోరు.) జానకమ్మ ప్రతి ఇంటికీ గోడ పట్టుకుని ఎక్కింది, కమ్మీ పట్టుకుని దిగింది. బాలకిష్టయ్య ముందు ఎక్కి, పైనుంచి "జల్ది రాయే, చాయ్ సల్లారుతది" అని ధైర్యం చెప్పాడు. కారు మాత్రం ఒప్పందం ప్రకారం ప్రతి గుమ్మం ముందే ఆగింది.

ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టూ చీరా పెట్టకుండా పంపకూడదు. ఉప్పల్‌లో మేనత్త బిడ్డ నవనీత పెట్టింది.

"గద్వాల్ చీరనే, అక్కా! ఆన్‌లైన్ల తెప్పించిన. ఇస్త్రీ గూడ అక్కరలేదు."

ఆ చీర మగ్గం మొహం చూసి ఎరగదు. జానకమ్మ అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"బాగుంది," అంది.

బోడుప్పల్‌లో అలాంటిదే పెట్టారు. కూకట్‌పల్లిలో కూడా. అక్కడ రంగు మాత్రం వేరు.

రెండో రోజు పొద్దు గూకేవేళకు కారు దుకాణం ముందుకు చేరింది. పాలరాతి మెట్లు. అవి నడక కిందికి రావన్న సంగతి మోకాళ్లకు తెలియదు. జానకమ్మ రోడ్డు వైపు తలుపు తీసి ఒక కాలు బయట పెట్టి, మళ్లీ లోపలికి తీసుకుంది.

"ఈడికెళ్లే చూస్త," అంది.

దుకాణం వైపు కిటికీ దగ్గర బాలకిష్టయ్య కూర్చున్నాడు. అప్పుడే జోగమ్మ ఫోన్ చేసింది. "అందరి ఇండ్లకు పోయినం అక్కా, ఒక్కటి గూడ ఇడ్వలే," అని ఆయన ముందుకు వంగి నివేదిక ఇస్తున్నాడు. ఇక్కడ బండి ఆపొద్దని పోలీసు ఈల వేశాడు. కారు కదిలింది.

ఫోన్ పెట్టేసి అడిగాడు. "చూసినవా?"

"అంచు చూసిన."

"కొంగు?"

"నువ్వు అడ్డమున్నవ్."

పండుగ దాటింది. బొమ్మకు చీర మార్చారు. నడక ఎలా ఉందని ప్రదీప్ అడిగితే, తక్కువేనని బాలకిష్టయ్య ఒప్పుకున్నాడు. ఒక్క చుట్టం కూడా అలగలేదని జోగమ్మ వనపర్తి నుంచి ధ్రువీకరించింది. జానకమ్మ ఆనాటి నుంచి మొగుడితో మాట్లాడటం లేదు. అది లెక్కలోకి రాదు. నియమాల ప్రకారం పెళ్లాం చుట్టాల కిందికి రాదు.